ఒప్పందం లేకుండా వచ్చేవి ఏనుగులే

2024 జనవరి 7, 8 తేదీల్లో చెన్నైలో తమిళనాడు ప్రభుత్వం పెట్టిన పెట్టుబడిదారుల సదస్సులో కోట్ల వాన కురిసింది. రెండే రోజుల్లో 631 ఒప్పందాలు, 6 లక్షల 64 వేల కోట్ల రూపాయలు, ప్రత్యక్షమూ పరోక్షమూ కలిపి 26 లక్షల 90 వేల ఉద్యోగాలు. అంతకు ముందు 2015 సదస్సులో 2 లక్షల 42 వేల కోట్లు, 2019లో 3 లక్షల కోట్లు. మూడూ కూడితే 12 లక్షల కోట్ల పైమాటే. రాజపాళయం నుంచి తెన్కాశి వెళ్లే దారిలో, పడమటి కనుమల కిందున్న మా సేత్తూరు మాత్రం ఈ వానలో తడవలేదు. తప్పు మాదే అయ్యుంటుంది. కొండ చాటు ఊరు కదా, మేఘాలు అటువైపే కురిసి వెళ్లిపోయి ఉంటాయి.

మా విరుదునగర్ జిల్లాను తక్కువ అంచనా వేయకండి. 1985లో రామనాథపురం జిల్లా నుంచి విడిపోయిన ఈ గడ్డ మద్రాసు రాష్ట్రానికి ఇద్దరు ముఖ్యమంత్రులను ఇచ్చింది. ఒకరు రాజపాళయం తెలుగు రాజుల ఇంటి బిడ్డ పి.ఎస్. కుమారస్వామి రాజా, 1949 నుంచి 1952 దాకా. మరొకరు విరుదునగర్ కామరాజ్, 1954 నుంచి 1963 దాకా. తీరా 2018లో నీతి ఆయోగ్ వెనకబడిన జిల్లాలను ఏరి, బాధ కలగకుండా 'ఆకాంక్షిత జిల్లాలు' అని పేరు పెడితే అందులో మాదీ ఉంది. ముఖ్యమంత్రులను ఎగుమతి చేసి ఆకాంక్షలను దిగుమతి చేసుకున్న జిల్లా దేశంలో ఇంకోటి ఉంటే చెప్పండి.

పాతవాళ్లకు పద్ధతి తెలియదు. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ పెట్టారు. అంతర్జాతీయ పెట్టుబడిదారుల సదస్సు లేదు, సింగిల్ విండో లేదు, వేదిక మీద లేజర్ కాంతులు లేవు. అయినా మిల్లు తిరిగింది. ఆ నూలు వ్యాపారమే పెరిగి పెరిగి సిమెంటు దాకా వెళ్లి రామ్‌కో అయింది. ముందు ప్రకటించి, తర్వాత శంకుస్థాపన చేసి, ఆ తర్వాత మరచిపోవాలన్న వరస ఆనాడు ఎవరూ నేర్పినట్టు లేదు.

రాజపాళయం పక్కనే చత్రపట్టి ఉంది. దేశంలో ఎక్కడ వేలు తెగినా చుట్టే కట్టుగుడ్డ అక్కడి మరమగ్గం మీద నేసినది కావచ్చు. షెడ్డులోకి అడుగు పెడితే చెవులు పనిచేయడం మానేస్తాయి. మగ్గం దగ్గరి మనిషి నోటితో మాట్లాడడు. రెండు వేళ్లు ఎత్తితే రెండో మగ్గంలో పడుగు తెగిందని, అరచేయి తిప్పితే కండె అయిపోయిందని అర్థం. ఓ మూల ఒక ఆడమనిషి కండెలు చుడుతూ ఉంటుంది. పొద్దు గుంకేసరికి ఆమె జుట్టంతా దూది నూగుతో తెల్లబడుతుంది, ఇంటికెళ్లి దులుపుకుంటే మళ్లీ నలుపు. నేసిన గుడ్డ ఎంత పలచనంటే దాని అవతల నిలబడ్డ మేస్త్రీ మొహంలో కోపం కూడా కనిపిస్తుంది.

ఈ పలచటి గుడ్డ మీదే ప్రయోగాలన్నీ. దూది దిగుమతి మీద 2021లో 11 శాతం సుంకం వేశారు. 2022లో దూది కండి, అంటే 356 కిలోలు, లక్ష రూపాయలకు చేరువయ్యేసరికి కొన్నాళ్లు తీశారు. మళ్లీ వేశారు. 2025 ఆగస్టులో మళ్లీ తీశారు. బీము ఎక్కించి దింపేలోపు ప్రభుత్వం మనసు మారుతుంటే నేసేవాడు నూలు ఏ ధరకు కొనాలి? కట్టుగుడ్డ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగడానికి 2025 సెప్టెంబరు దాకా పట్టింది. అంటే అప్పటిదాకా మనిషికి దెబ్బ తగలడమూ విలాసమే అన్నమాట. ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. మరమగ్గాలకు రెండు నెలలకిచ్చే ఉచిత కరెంటును 2023 మార్చి నుంచి 750 యూనిట్ల నుంచి వెయ్యికి పెంచారు. దానికి లేజర్ కాంతులు అవసరం పడలేదు, గమనించారా?

ఇక మా జిల్లాలోనే ఇ.కుమారలింగపురంలో 1,052 ఎకరాల పీఎం మిత్ర జౌళి పార్కు. 2023 మార్చిలో దేశం మొత్తానికి ఏడు ప్రకటిస్తే ఒకటి మనకొచ్చింది. దాని వెనక ఐదు ఎఫ్‌ల సిద్ధాంతం ఉందట: ఫామ్, ఫైబర్, ఫ్యాక్టరీ, ఫ్యాషన్, ఫారిన్. ఆరో ఎఫ్ ఫ్లెక్సీ. అది అందరికన్నా ముందే వచ్చేసింది. నాలుగు మగ్గాలున్నవాడు ఆ పార్కు గేటు దగ్గరికెళితే లోపలికి పిలుస్తారా, లేక అందులో కూలికి చేరమంటారా అన్నది మాత్రం ఏ ఎఫ్‌లోనూ దొరకలేదు.

రోడ్డు సంగతీ అంతే. రాజపాళయం నుంచి సెంగోట్టై దాకా జాతీయ రహదారిని నాలుగు వరుసలు చేయడానికి పచ్చటి వరి మళ్ల మీదుగా గీత గీశారు. వేరే దారి చూడండని రైతులు మొత్తుకున్నారు. అభివృద్ధికి మా ఊళ్ల మీదుగా వెళ్లడమంటే మహా ఇష్టం, దిగి ఆగడమంటేనే గిట్టదు. చెరకు వేసినవాళ్ల కథ మరీ చిన్నది: ఒక ప్రైవేటు మిల్లుకు చెరకు తోలారు, డబ్బుల కోసం ధర్నాలు చేశారు. తీపి మిల్లుది, చేదు రైతుది.

నిజానికి సేత్తూరుకు క్రమం తప్పకుండా వచ్చే భారీ సంస్థ ఒకటుంది. ఏనుగుల మంద. 2021లో శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యం ఏర్పడింది, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మంచిదే, అడవి ఉండాలి. ఆ అడవి అంచునే మా కొబ్బరి, అరటి, మామిడి తోటలు. ఏనుగులు ఒప్పందం అడగవు, పన్ను రాయితీ అడగవు, భూమి ఎకరా రూపాయికి ఇవ్వమనవు. కొబ్బరి మొక్కను కూలదోసి, మొవ్వ తిని, తెల్లారేలోపు తిరిగి వెళ్లిపోతాయి. లాభాలు బయటికి తరలిస్తాయన్న మాటే గానీ, చెప్పినట్టు వచ్చే పెట్టుబడిదారులు మాకు ఇవే. జరిగిందో కల్పించిందో గానీ ఊళ్లో టీకొట్టు దగ్గర ఓ ముచ్చట చెప్పుకుంటారు. నష్టపరిహారానికి వెళ్లిన రైతును అధికారి అడిగాడట:

"ఫొటో తీశావా?"

"ఏనుగుదా అయ్యా, చెట్టుదా?"

"రెండూ కలిసి ఉంటే మంచిది."

"అట్లయితే మూడో మనిషిని తీసుకెళ్లాల్సిందయ్యా. నేనూ ఏనుగూ చెట్టూ కలిసి ఉంటే ఫొటో తీసేదెవరు?"

టీకొట్టు అన్నాచ్చి ఈ ముచ్చట విన్న ప్రతిసారీ కొత్తగా నవ్వుతాడు. తోట ఉన్నవాళ్లు నవ్వరు.

ఏలినవారికి ఒక మనవి. వచ్చే పెట్టుబడిదారుల సదస్సు మా దగ్గరే పెట్టండి. కల్యాణ మండపం మేమే మాట్లాడిపెడతాం, సాపాటుకు లోటు రానివ్వం, రాత్రిపూట అతిథులు తోటల వైపు వెళ్లకుండా టపాసులు పేల్చడానికి మనుషులను పెడతాం. శివకాశి పక్కనే కదా. మీరు తేవాల్సింది ఒక్క కాగితం. మూడు సదస్సుల 12 లక్షల కోట్లలో రాజపాళయం తాలూకాలో వాస్తవంగా ఖర్చయినది ఎంత, దానివల్ల పనిలో చేరినవాళ్లు ఎందరు. సున్నా అయితే సున్నా అనే రాయండి, మేమేమీ అనుకోం. కింద సంతకం, తేదీ మాత్రం మరచిపోవద్దు.