తాగుడు మానుతున్నవాళ్ల ఇంట్లో పాటించకూడని సలహాలు

ఆసుపత్రిలో చేర్చుకోకుండా, ఇంటి నుంచి వెళ్లి వచ్చేలా నడిపే చికిత్సను ఇంటెన్సివ్ ఔట్‌పేషెంట్ అంటారు. అమెరికాలో పెద్దవాళ్లకు ఇది వారానికి 9 నుంచి 19 గంటలు. గ్రూపులో కూర్చుంటారు, కౌన్సెలర్‌తో విడిగా మాట్లాడతారు, ఇంటివాళ్లనూ పిలుస్తారు. మిగతా గంటలన్నీ ఇంట్లోనే గడవాలి. కాబట్టి చుట్టాలూ ఇరుగుపొరుగూ చెప్పే మాటలు ఈ చికిత్సను కూలదోయగలవు.

"కూరలో మాత్ర కలిపెయ్యమ్మా, తెలియకుండానే మానేస్తాడు." అన్నిటికన్నా నేను భయపడేది ఈ సలహాకే. ఆ మాత్ర చాలాసార్లు డైసల్ఫిరామ్. మద్యంపై దాని ప్రభావాన్ని 1948లో డెన్మార్క్ పరిశోధకులు ప్రకటించారు. అది ఒంట్లో ఉండగా తాగితే అసిటాల్డిహైడ్ అనే విషం పేరుకుపోతుంది. ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ల ప్రాణమే పోవచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. చెప్పకుండా కలిపితే, తనకు ఏం జరుగుతోందో తాగేవాడికి తెలియదు, ఎమర్జెన్సీలో డాక్టరుకూ తెలియదు. అదే మాత్ర, పరీక్షలు చేయించుకుని, తెలిసి ఒప్పుకుని, రోజూ భార్య ఎదుట వేసుకుంటే ఎంతో మేలు చేస్తుంది. దొంగచాటుగా పెడితే, బయటపడిన రోజు నుంచి ఆమె వడ్డించిన అన్నాన్ని కూడా అతను నమ్మడు. పోస్టర్లలో కనిపించే పేరులేని పొడులకూ ఇదే మాట.

"మగాడివి కదా, ఒక్కసారిగా మానెయ్." ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మతి తప్పి, లేనివి కనిపించి, కొందరు చనిపోతారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు తీరారు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డయాజెపాం లాంటివి ఆగిపోయినా ఫిట్స్ వస్తాయి. మొదటి వారం డాక్టరు పర్యవేక్షణలో ఉండాలి, కొందరిని చేర్చుకోవాల్సిందే. మగతనానికీ దీనికీ సంబంధం లేదు.

"అయ్యప్ప మాల వేయించండి, చాలు." మాలలో 41 రోజులు తాగకుండా ఉన్నవాళ్లను ఎందరినో చూస్తుంటాం. ఆ నిగ్రహం నిజమైనదే, దాన్ని గౌరవించాలి. అయితే మాల వేసే ముందే డాక్టరుకు చూపించండి. మాల తీసిన మర్నాడు ఎక్కడుంటాడు, సాయంత్రం ఎవరితో గడుపుతాడు అన్నది దీక్షలో ఉండగానే కౌన్సెలర్‌తో కూర్చుని తేల్చుకోండి.

"బాగానే ఉన్నాడుగా, రోజూ ఆ తిరుగుడు ఎందుకు? కూలి పోతుంది." కూలి పోవడం నిజం, ఆ బాధ చిన్నది కాదు. సాయంత్రం గ్రూపు ఉందేమో అడగండి. మానేయడం మాత్రం వద్దు. ఒళ్లు తేలికపడిన వారాల్లోనే, ఒక్క గ్లాసుకు ఏమవుతుందిలే అనిపిస్తుంది.

"మళ్లీ తాగాడు, ఇక ఇంతే, వదిలెయ్." వదలకండి. ఈ జబ్బులో మళ్లీ జారడం మామూలే. తిట్లు, పిల్లల తలమీద ఒట్లు పక్కన పెట్టి, మర్నాడు పొద్దున్నే అతన్ని వెంటబెట్టుకుని చికిత్స కేంద్రానికి వెళ్లండి. జరిగింది దాచకుండా చెప్పండి, వాళ్లు మందులూ గంటలూ మారుస్తారు. ఏ కేంద్రమూ తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, డబ్బు పడదు. అతను రానంటే మీరొక్కరే చేయండి, ఇంటివాళ్ల మాట కూడా వింటారు.