వరుసలో తన పేరు లేని పట్టీ

ఆత్మకథ రాసుకొనేవారు ఉత్తమ పురుషలో రాసుకోవడం వాడుక. ఉపాధ్యాయుల హాజరుపట్టీకి ఆ వీలు లేదు, ఎందుకంటే దాని పుటల్లో గీసిన వరుసలన్నీ ఇతరుల పేర్లకు కేటాయించినవే తప్ప దానికంటూ ఒక్క వరుస కూడా లేదు. అటువంటి పట్టీ తన జీవితాన్ని చెప్పదలచుకుంటే ఆ వరుసల్లో సంతకాలు పెట్టినవారి జీవితాలనే చెప్పవలసి వస్తుంది, అదీ ప్రథమ పురుషలోనే.

ఇక్కడ తన వృత్తాంతం వినిపిస్తున్న పట్టీ నల్లమల అంచున, గుంటూరు నుంచి గుంతకల్లుకు పోయే రైలుమార్గం మీద ఉన్న ఒక చిన్న పట్టణపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు చెందినది. అది ఒక్క పుస్తకం కాదు, ఒక వంశం. ఒక సంపుటం నిండగానే దానిని బీరువా కింది అరలోకి దించి కొత్త సంపుటాన్ని ప్రధానోపాధ్యాయుడి బల్లమీద పెడతారు గనుక, పేర్లు ఒక దానినుంచి మరొక దానికి ఎక్కుతూ పోతాయి. అన్నిటికంటె అడుగున ఉన్న సంపుటం అట్టమీద కర్నూలు జిల్లా బోర్డు ముద్ర ఉంది. 1959లో పంచాయతీ సమితుల, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చి బోర్డు బడులు పరిషత్తు బడులైనప్పుడు ఒకసారి, 1970లో ఈ ప్రాంతాన్ని కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిపినప్పుడు మరోసారి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టినప్పుడు ఇంకోసారి రబ్బరు ముద్ర మారింది. ఊరు కదలలేదు, బడి కదలలేదు, చివరికి బల్ల కూడా కదలలేదు.

పట్టీ నిర్మాణం తెలియనివారికి ఇది కొంత వివరించాలి. ఎడమవైపు వరుస సంఖ్య, పేరు, హోదా ఉంటాయి. ఆ తరువాత నెలకు ఎన్ని రోజులో అన్ని నిలువు గడులు, ప్రతి గడినీ ఉదయం, మధ్యాహ్నం అని రెండుగా చీల్చిన అడ్డగీత. ఉపాధ్యాయులు నీలి సిరాతోనో నల్ల సిరాతోనో సంతకం చేస్తారు. గజిటెడ్ హోదా ఉన్న ప్రధానోపాధ్యాయుడు అడుగున ఆకుపచ్చ సిరాతో పొడి సంతకం పెడతాడు. రానివారి గడిలో ఎర్ర సిరా పడుతుంది. సీ.ఎల్. అంటే క్యాజువల్ లీవు, క్యాలెండరు సంవత్సరానికి పదిహేను, ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా మరో ఏడు, ఓ.డి. అంటే బడి బయట బడి పని, అనగా శిక్షణ, మూల్యాంకనం, ఎన్నికల విధి మొదలైనవి. ఒక మనిషి ఒకానొక పూట ఒకానొక కప్పు కింద ఉన్నాడా లేడా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడమే పట్టీకి అప్పగించిన పని. తరగతిలో ఏం జరిగిందో దానిని ఎవరూ అడగలేదు, అడిగినా దానికి తెలియదు. అయితే ఏళ్ల తరబడి ఒకే గడిలో ఒకే చేయి ఆనుతూ ఉంటే కాగితానికి కూడా కొన్ని సంగతులు అర్థమవుతాయి.

తెలుగు పండితుడి వరుస అందుకు మంచి ఉదాహరణ. ఆయన భాషాప్రవీణ చదివినవాడు. అంటే ప్రాచ్య కళాశాలలో కావ్యమూ వ్యాకరణమూ ప్రధానంగా అభ్యసించినవాడు. పదవ తరగతికి పాఠం చెప్పినా, రెండవ శ్రేణి పండితుడు గనుక సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుడి జీతశ్రేణిలోనే ఉండిపోయాడు. పక్క గదిలో అదే తరగతికి సాంఘికశాస్త్రం చెప్పే స్కూలు అసిస్టెంటుకు పై శ్రేణి దక్కింది. ఈ తేడా రాష్ట్రమంతటా భాషా పండితులను దశాబ్దాలపాటు బాధించింది. ఆయన దీనిని గురించి స్టాఫ్ రూములో ఎక్కువ మాట్లాడేవాడు కాడు గాని, హోదా రాసే గడిలో గుమాస్తా రాసిన 'గ్రేడ్ 2' అనే రెండు ముక్కల మీద ప్రతి నెలా తన సంతకపు తోకను కొంచెం పొడిగించి లాగేవాడు. ఆంగ్లంలో సంతకం పెట్టిన రోజు ఒక్కటీ లేదు. పొడి అక్షరాలతో సరిపెట్టడం ఆయనకు చేతకాక పూర్తి పేరును ఇరుకు గడిలో కుక్కడంవల్ల పక్క తేదీలోకి కూడా ఆయన అక్షరాలు చొరబడేవి. ఒక సంపుటం అట్టమీద 'ఉపాద్యాయుల' అని ధ వత్తు లేకుండా అచ్చయి వస్తే, ఆయన పెన్సిలుతో వత్తు చేర్చి, మరునాటి నుంచే సంతకం మొదలుపెట్టాడు. మొదటి రోజు గడి ఖాళీగానే ఉంది. సెలవుల విషయంలోనూ ఆయనది ప్రత్యేకమైన లెక్క. ఇతరుల సీ.ఎల్.లు జ్వరాలకూ పెళ్లిళ్లకూ పడితే, ఆయనవి చుట్టుపక్కల ఊళ్లలో అష్టావధానం జరిగే తేదీలకు, అంటే ఎనిమిదిమంది పృచ్ఛకులు అడిగే ప్రశ్నలకు ఒక్క కవి ఏకకాలంలో జవాబు చెప్పే సభలు జరిగే తేదీలకు, సరిగ్గా అతికేవి. అప్పుడప్పుడు పృచ్ఛకుల్లో ఆయనా ఒకడు.

లెక్కల మాస్టారి వరుస చూసినవారు తొందరపడి ఆయనను ఆదర్శ ఉపాధ్యాయుడిగా తేల్చేస్తారు. ఏళ్లకు ఏళ్లు ఆ వరుసలో ఎర్ర సిరా లేదు. వాడుకోని సెలవులు డిసెంబరు 31న మురిగిపోతున్నా ఆయనకు చింత లేదు. ఆయన ఇంట్లో తెల్లవారుజామున ట్యూషన్లు నడిచేవని, అవి మానకుండా ఉండాలంటే ఊరు వదలకూడదని, ఊరు వదలని మనిషికి బడికి రావడం కష్టమేమీ కాదని తెలిసినవారికి మాత్రం ఆ నిండు హాజరు వేరుగా కనిపిస్తుంది. ఉదయపు సంతకం గుండ్రంగా, నిబ్బరంగా ఉంటుంది. మధ్యాహ్నపు సంతకం కిందికి జారి, కొన్నిసార్లు చివరి అక్షరం దగ్గర తెగిపోయి ఉంటుంది. పట్టీ ఆయనను తప్పుపట్టదు. ఆ ట్యూషన్లలో డబ్బు ఇవ్వలేని పిల్లలు కూడా కూర్చొనేవారని అటెండరు ఒకసారి బల్ల దుమ్ము తుడుస్తూ అనడం అది విన్నది. నిండుగా ఉన్న వరుసకు జిల్లా విద్యాశాఖాధికారి మెచ్చుకోలు రాసిన రోజున మాత్రం, గడులు చదవడం రానివారు కూడా అధికారులు కావచ్చునని దానికి అనిపించింది.

పట్టీ సిగ్గుపడవలసిన సంగతి ఒకటి ఉంది. బడుల్లో 'తేదీ వేయని చీటీ' అని ఒక ఏర్పాటు చాలాకాలం నడిచింది. ఊరికి వెళ్లవలసిన ఉపాధ్యాయుడు సెలవు చీటీ రాసి, తేదీ మాత్రం వదిలిపెట్టి, నమ్మకమైన తోటి మాస్టారి చేతికి ఇచ్చేవాడు. తనిఖీకి ఎవరైనా వస్తే ఆ చీటీకి తేదీ పడి పట్టీలో సీ.ఎల్. చేరేది, రాకపోతే చీటీ తిరిగి యజమాని జేబులోకి వెళ్లి, మరునాడు నిన్నటి గడిలో కూడా సంతకం పడేది. రెండు రోజుల సంతకాలు ఒకే కలంతో, ఒకే వాలుతో, ఒకే ఊపులో పెట్టినవని కాగితం ఇట్టే గుర్తుపడుతుంది. ఈ ఏర్పాటును ఎక్కువగా వాడుకున్నవాడు సోమరి అనుకోవడం పొరపాటు. ఈ పాఠశాలలో ఒకే చీటీ మడతలు చిరిగేదాకా తిరిగినది ఒక సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడిది. ఆయన తల్లి మంచం పట్టి వంద కిలోమీటర్ల అవతల ఉండేది, అసలు సెలవులు మార్చి నాటికే అయిపోయేవి. అదే చీటీ పద్ధతిని చిట్టీల పాటలకు వాడుకున్నవారూ ఉన్నారు. పట్టీలో ఇద్దరి సంతకాలూ ఒక్కలాగే ఉన్నాయి, ఇద్దరివీ అబద్ధాలే.

ఆలస్యం మాట వేరు. మీటర్ గేజి కాలంలో పొద్దుటి బండి మీద వచ్చే 'అప్ అండ్ డౌన్' మాస్టార్లు నలుగురు ఉండేవారు. ఆ బండి ఎక్కడైనా ఆగిందంటే నాలుగు వరుసల్లో ఒకేసారి ఖాళీ పడేది. మూడు ఆలస్యాలకు ఒక సీ.ఎల్. కోత అనే నిబంధన ఉన్నమాట నిజమే గాని, దానిని అమలుచేసే అధికారం కాగితం మీద ప్రధానోపాధ్యాయుడిది, వాస్తవంలో అటెండరుది. వరండా దూలానికి వేలాడే రైలుపట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టేది అతడే. స్టేషను వైపు దుమ్ము లేవడం చూసి, టీ గ్లాసు కింద పెట్టడానికి రెండు నిమిషాలు ఎక్కువ తీసుకొనేది కూడా అతడే. మొదటి గంట ఎప్పుడు మోగితే బడికి అప్పుడే మొదటి గంట. 1990లలో బ్రాడ్ గేజి పడి, ఆ తరువాత మోటారు సైకిళ్లు పెరిగాక ఈ దయకు అవసరం తగ్గింది.

ఉపాధ్యాయినుల వరుసలు చదవడానికి వేరే ఓపిక కావాలి. 1996 మార్చిలో వచ్చిన ఉత్తర్వు వారికి ఏడాదికి మరో అయిదు రోజుల ప్రత్యేక క్యాజువల్ లీవు ఇచ్చింది. కొత్త సెలవు కలిసినా జీవశాస్త్రం టీచరమ్మ వరుసలో నవంబరు వచ్చేసరికి ఒక్కటీ మిగిలేది కాదు. భర్త ఉద్యోగం మరో డివిజనులో, పిల్లవాడు అత్తగారి దగ్గర, తాను ఈ ఊళ్లో ఒంటిగది అద్దె ఇంట్లో. ఆమె సెలవులన్నీ శనివారాల్లోనూ సోమవారాల్లోనూ పడ్డాయి గనుక స్టాఫ్ రూములో కొందరు ఆమెను 'ఆదివారాన్ని సాగదీసే మేడమ్' అని నవ్వేవారు. ప్రసూతి సెలవు నూట ఇరవై రోజులుగా ఉన్న ఆ కాలంలో ఆమె వరుసలో నాలుగు నెలల పొడవునా ఒకే ఎర్రగీత ఉంది. ఆ గీత ముగిసిన మరునాడే పెట్టిన సంతకం పక్కన పాలో నీళ్లో తెలియని మరక ఉంది. ఆ సెలవు 2010లో నూట ఎనభై రోజులైంది, ఆమెకు అప్పటికే ఆ అవసరం తీరిపోయింది.

డ్రిల్లు మాస్టారు అందరికంటె ముందు బడికి వచ్చి అందరికంటె చివర సంతకం చేసేవాడు. తడి బొటనవేలు ఆనడంవల్ల ఆయన పేరు సగానికి సగం అలుక్కుపోయి ఉంటుంది. ఎవరు పొద్దున తినకుండా వచ్చారో ప్రార్థనలో ఎవరు తూలుతున్నారో చూసి చెప్పగలిగినది ఆయన ఒక్కడే, ఆ లెక్కకు పట్టీలో గడి లేదు.

గడి దొరకనివారు ఇంకా ఉన్నారు. 1980లలో నెలకు రూ.398 మాత్రమే ఇచ్చి స్పెషల్ టీచర్లను నియమించారు. వారి సర్వీసు తరువాత క్రమబద్ధమైనా ఆ అంకె మాత్రం వారి పేరుకు ముందు నిలిచిపోయింది, పదవీ విరమణ నాటికి కూడా వారు సహోద్యోగుల నోట 'మూడు వందల తొంభై ఎనిమిది వాళ్లే'. డీఎస్సీ ద్వారా, అంటే జిల్లా ఎంపిక సంఘం నడిపే నియామక పరీక్ష ద్వారా, వచ్చినవారు కూడా ఊరూ ఇంటిపేరూ కంటె ముందు బ్యాచి సంవత్సరంతోనే ఒకరినొకరు గుర్తిస్తారు. ఇక విద్యా వాలంటీర్లకు ఆ మాత్రపు వరుస కూడా లేదు. గౌరవ వేతనంపై పనిచేసినవారి పేర్లు విడి కాగితం మీద రాసి, పట్టీ చివరి పుటకు గుండుసూదితో గుచ్చేవారు. కాగితాలు ఎప్పుడో రాలిపోయాయి, సూదుల తుప్పు మచ్చలు మాత్రం ఒక్కో సంపుటం వెనుక అట్టమీద ఉన్నాయి. ఖాళీ పోస్టుల ఏళ్లలో భౌతికశాస్త్రాన్ని ఆసాంతం లాగింది ఆ మచ్చల తాలూకు మనుషులే.

పదవీ విరమణ అంటే పట్టీ భాషలో వరుస మీద చివరిదాకా లాగిన ఎర్రగీత. సాధారణంగా అది నెల చివరి తేదీన, ఒకరికొక్కటిగా వస్తుంది. 1983లో రాష్ట్ర ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కు దించినప్పుడు ఈ పాఠశాలలో ముగ్గురికి ఒకేసారి గీత పడింది. వీడ్కోలు సభలో ముగ్గురి మెడలోనూ దండలు పడ్డాయి, ఎవరూ ఉపన్యాసం పూర్తి చేయలేకపోయారు. తరువాత వయసు మళ్లీ 58కి పెరిగింది. రాష్ట్ర విభజన జరిగిన 2014లో 60 అయింది. 2022 జనవరిలో 62 చేసినప్పుడు, ఆ నెలాఖరుకే దిగిపోవలసిన లెక్కల మాస్టారికి కొన్న శాలువా పొట్లం విప్పకుండానే బీరువాలో, పాత పట్టీల మీద, రెండేళ్లు పడి ఉంది. ఆయన ఆ రెండేళ్లూ ఎప్పటిలాగే సెలవు పెట్టలేదు, కాని మధ్యాహ్నపు సంతకం మాత్రం నిటారుగా మారింది. ట్యూషన్లు మానేశాడని అందరికీ తెలిసేసరికి శాలువా కప్పే రోజు వచ్చింది.

అదే 2022 ఆగస్టులో ముఖాన్ని గుర్తించి హాజరు వేసే యాప్ వచ్చింది. ఉపాధ్యాయులు తమ సొంత ఫోనులో ముఖం చూపితే యాప్ మనిషినీ చోటునూ వేళనూ ఒకేసారి పట్టుకుంటుంది. తేదీ వేయని చీటీకి అందులో చోటు లేదు, అటెండరు రెండు నిమిషాలకూ లేదు. సిగ్నలు అందనప్పుడు టీచర్లు వేపచెట్టు కిందికి వెళ్లి ఫోనును ఆకాశానికి చూపడం పిల్లలకు కొన్నాళ్లు వినోదమైంది. పట్టీని మాత్రం ఎవరూ తీసేయమనలేదు, అలవాటు కొద్దీ ప్రధానోపాధ్యాయుడి బల్లమీదనే ఉంది.

ప్రస్తుత సంపుటంలో ఎనిమిదో వరుస దగ్గర హోదా గడిలో హిందీ అని రాసి ఉంది, పేరు చోట ఏమీ లేదు; పాత పండితుడు బదిలీపై వెళ్లాడు, కొత్తవారు రాలేదు. తెలుగు చెప్పే ఉపాధ్యాయిని తన పీరియడ్లతోపాటు ఆ పీరియడ్లు కూడా తీసుకొంటూ, ఎన్ని తీసుకున్నదో మరిచిపోకుండా ఆ ఖాళీ గడుల్లో పెన్సిలుతో సన్నటి నిలువు గీతలు పెడుతోంది. నెలాఖరున తనిఖీకి ముందు అటెండరు వాటిని రబ్బరుతో చెరిపి, పొట్టును ఊదేస్తాడు. ఒకటో తేదీన ఆమె మళ్లీ మొదటి గీత పెడుతుంది.