పట్టా ముక్క గంట

మా రోజుల్లో బేగంపేట స్టేషన్‌లో గంటంటే పట్టా ముక్కే. మూరెడు రైలు పట్టాను కొక్కేనికి వేలాడదీసేవాళ్లు. అవతలి స్టేషన్‌లో బండి బయల్దేరిందని కబురు రాగానే పోర్టరు ఇనప కడ్డీతో నాలుగు వాయించేవాడు. చెట్టు కింద కునుకు తీస్తున్నవాడు కూడా ఆ మోతకి లేచి చెప్పులు వెతుక్కునేవాడు. ఇప్పుడు మూడు భాషల్లో అరిచి చెప్తున్నారు పాపం. వినేదెవరు? అందరి చెవుల్లోనూ బుడిపెలు! మొన్నొక కుర్రాడు, లింగంపల్లి బండి తోక ఇంకా కనబడుతూనే ఉంది, “అంకుల్, లింగంపల్లి బండి ఎన్నింటికి?” అని నన్నడిగాడు.

ఈ లైను నిన్నమొన్నటిదా? నిజాం జమానాలో, 1874లో, వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి వేశారు. మా మనవడి లెక్కలో మాత్రం ఇక్కడ రైలు పుట్టిందే 2003లో, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లతో.

టికెట్టంటే వేలెడంత అట్టముక్క. గుమాస్తా దాన్ని మిషన్లో దూర్చితే టక్కుమని తేదీ పడేది. గేటు దగ్గర లాగేసుకుంటారని పిల్లలం గుప్పిట్లో దాచుకునేవాళ్లం, చెమటకి అట్ట మెత్తబడిపోయేది. ఇప్పుడు ఐదు రూపాయల టికెట్టు కూడా ఫోన్లోనే. ఛార్జింగ్ అయిపోతే టికెట్టూ అయిపోయినట్టే.

బండి రాకపోతే విమానాలు చూసేవాళ్లం. ఎయిర్‌పోర్టు పక్కనే కదా, నెత్తి మీదుగా దిగుతుంటే మాటలు వినబడేవి కావు. 2008 మార్చిలో అవీ శంషాబాద్‌కి మకాం మార్చాయి. 1897లో రోనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది కూడా మా బేగంపేటలోనే. ఆ దోమల సంతతి మాత్రం ఎక్కడికీ తరలిపోలేదు.

2025 మేలో స్టేషన్‌కి కొత్త సొగసులద్ది ప్రారంభించారు. లిఫ్టులున్నాయి, నా మోకాళ్లు వాటికి దండం పెడుతున్నాయి. స్టేషన్ నడిపేది ఆడవాళ్లే. మా కాలంలో టికెట్ కిటికీ వెనక గాజుల చెయ్యి చూసిన గుర్తే లేదు. ఇక్కడ సణగడానికి నాకేమీ దొరకలేదు, నిజం చెప్పొద్దూ.

కానీ అప్పట్లో పక్కవాణ్ని టైమడిగితే పది నిమిషాల్లో వాళ్ల ఊరు, పంట, కూతురి పెళ్లి సంబంధం అన్నీ తెలిసిపోయేవి. ఇప్పుడు బెంచీ మీద నలుగురుంటే నాలుగు ఫోన్లు. బాబూ, ఈసారి బేగంపేటలో బండి కోసం ఆగితే ఒక చెవిలో బుడిపైనా తీసి, పక్కనున్న ముసలాయన్ని టైమెంతయిందో అడగండి. మేమింకా వాచీ పెట్టుకునే వస్తున్నాం.