చూచిరాతకు చదువెందుకు?

లా పూర్తయి, నల్లకోటు కూడా కుట్టించుకున్నాక ఇంకో పరీక్ష ఉందంటే మా ఊరు అక్కుపల్లిలో ఎవరూ నమ్మలేదు. దాన్ని పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయొచ్చంటే అసలే నమ్మలేదు. "పుస్తకం సూసి రాసిందానికి సదువెందుకురా?" అన్నాడు మా పెదనాన్న, కొబ్బరికాయ వొలుస్తూ. భారత బార్ కౌన్సిల్‌ని అడగాల్సిన ప్రశ్న నన్ను అడిగితే నేనేం చెప్పను?

ఆ పరీక్ష పేరు ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్. 2011 మార్చి 6న మొదటిసారి పెట్టారు. లా డిగ్రీ ఉన్నా, రాష్ట్ర బార్ కౌన్సిల్లో పేరెక్కినా, ఇది గట్టెక్కితేగానీ ప్రాక్టీసు సర్టిఫికెట్ చేతికి రాదు. నేను రాసింది 2018లో. మూడున్నర గంటల్లో 100 ప్రశ్నలు, నాలుగు జవాబుల్లో ఒకదాన్ని గుర్తించడం, తప్పు రాస్తే కోత లేదు, జనరల్ వాళ్లకు 40 వస్తే పాసు. పుస్తకాలు మోయగలిగినన్ని మోసుకెళ్లొచ్చు.

మూడున్నర గంటలంటే 210 నిమిషాలు. ఒక్కో జవాబు వెతకడానికి అయిదేసి నిమిషాలు పట్టినా 42 ప్రశ్నలవుతాయి. అంటే, చట్టం ఒక్క ముక్క బుర్రకెక్కకపోయినా, అది ఏ పేజీలో ఉందో తెలిస్తే చాలు, రెండు మార్కులు మిగుల్చుకుని మరీ లాయరైపోవచ్చు. ఈ లెక్క తేలిన రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు. తెల్లారి లేచి చదవడం మానేసి, సర్దడం మొదలుపెట్టాను.

సర్దడం సగంలో ఉండగా అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా వజ్రపుకొత్తూరు మండలంలోనే ఒడ్డెక్కింది. మా ఉద్దానం ప్రాంతమంతా కొబ్బరి, జీడి చెట్లు నేలకూలాయి. ఆ నష్టం ముందు నా పుస్తకాల ఊసెత్తకూడదు గానీ, పెంకులు లేచిపోయి తడిసిన వాటిలో భారత రాజ్యాంగం కూడా ఉంది. ఎండబెడితే రెండింతలు లావెక్కింది. వందకు పైగా సవరణలు తట్టుకున్న గ్రంథం, ఒక తుపానుకు బెదురుతుందా! బెదిరినవి నేనంటించిన రంగు చీటీలే. ఉప్పుగాలికి జిగురు వదిలి, నేరాలన్నీ కార్మిక చట్టాల్లోకీ, విడాకులన్నీ పన్నుల్లోకీ రాలిపోయాయి.

రోజుల తరబడి కరెంటు లేదు. కాశీబుగ్గలో జీడిపప్పు గ్రేడింగుకు వెళ్లే మా మేనత్త కూడా పని లేక ఇంట్లోనే ఉంది. నేరాలకు ఎరుపు, పర్యావరణానికి పచ్చ, కుటుంబ చట్టానికి పసుపు అంటూ మళ్లీ మొదటినుంచి చీటీలు అంటిస్తున్న నన్ను కాసేపు చూసి, "జెండా పండగేటి బావూ?" అంది.

విషయం చెప్పాను. ఆవిడ అయిదో తరగతి. అయినా అడగాల్సిన ప్రశ్న అడిగింది: "దేనికి ఎన్ని మార్కులు?"

సిలబస్ కాగితం తీశాను. మొత్తం 19 అంశాలు. రాజ్యాంగం, సివిల్ ప్రొసీజరు, క్రిమినల్ ప్రొసీజరు పదేసి మార్కులు. శిక్షాస్మృతి, సాక్ష్య చట్టం, కుటుంబ చట్టం ఎనిమిదేసి. కంపెనీ, సైబర్, భూసేకరణ లాంటివి రెండేసి. నా నోట్సులో మాత్రం సైబర్ చట్టం అరవై పేజీలు, సివిల్ ప్రొసీజరు పేజీన్నర. సైబర్ చట్టంలో సినిమా కథలుంటాయి. సివిల్ ప్రొసీజరులో 158 సెక్షన్లు, వాటి వెనక 51 ఆర్డర్లు, ప్రతి ఆర్డరు కింద రూళ్లు. విషయసూచిక దగ్గరే ఆవులింత వచ్చేది.

"గుళ్లు ఒకపక్క, బద్దలు ఒకపక్క, ముక్కలు ఒకపక్క. రంగు కాదు సూడాల్సింది, రేటు," అని అత్త పీట వేసుకుని కూర్చుంది. జీడిపప్పు ఏరినంత వేగంగా నా కాగితాలు ఏరింది. పదేసి మార్కులవి గుళ్లు, చేతికి అందేచోట. ఎనిమిదేసివి బద్దలు. రెండేసివి ముక్కలు. సైబర్ చట్టం అరవై పేజీలూ పొట్టులోకి పోయాయి.

ఏరుతూ ఏరుతూ చదివి వినిపించమనేది. శిక్షాస్మృతిలో చాలా సెక్షన్ల కింద ఉదాహరణలుంటాయి. వాటిలో ఎక్కువగా ఏ అనేవాడు నేరం చేస్తాడు, జడ్ అనేవాడు బలవుతాడు. 1860 నుంచీ ఇదే వరస. ఏ పొడుస్తాడు, కాలుస్తాడు, విషం పెడతాడు. జడ్ చస్తాడు, మర్నాడు ఇంకో సెక్షనులో లేచి మళ్లీ చస్తాడు. "ఆ జడ్డుగారికి పెళ్లాం పిల్లలు లేరేటి? ఒక్కలూ కేసెయ్యరేటి?" అని అత్త ఒకరోజు నిజంగానే బాధపడింది. ఆ సెక్షన్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఈసారి చీటీలు ఊడకుండా మైదా ఉడికించి అంటించాం. ఆ మైదాకు బొద్దింకలు వచ్చి సాక్ష్య చట్టం అంచులు తినేశాయి. సాక్ష్యం మాయం చేయడం అప్పటి శిక్షాస్మృతిలో 201వ సెక్షను కింద నేరం. బొద్దింకల మీద కేసు పెట్టే వీలు మాత్రం అందులో ఎక్కడా కనిపించలేదు.

డిసెంబరులో, జీడిపప్పు అట్టపెట్టెలో గ్రంథాలన్నీ కట్టుకుని పలాసలో రైలెక్కి విశాఖ చేరాను. పరీక్ష హాలు బయట ట్రాలీ సూట్‌కేసులు, బియ్యం సంచులు, ఒకాయన వెనక పుస్తకాలు మోస్తూ బావమరిది. లోపల చూస్తే చేతికింద పలక ఉండే కుర్చీలు! ఆ పలక మీద ప్రశ్నపత్రం, ఓఎంఆర్ షీటు పెడితే పెన్నుకు చోటు లేదు. పుస్తకాలన్నీ కాళ్ల దగ్గర. ప్రతి ప్రశ్నకూ వంగాలి, వెతకాలి, లేవాలి. మొదటి అరగంటలోనే నడుములు పట్టేసి, చాలామంది తెలిసిన జవాబులే రాయడం మొదలుపెట్టారు. నా అయిదు నిమిషాల లెక్కలో ఈ వంగడం లేదు. వెనక కుర్చీలోని కుర్రాడు, "అన్నా, కంపెనీల చట్టం ఉందా?" అని గొణిగితే ఇన్విజిలేటరు పరుగున వచ్చారు. "మీ పుస్తకం చూసుకోండి, పక్కవాళ్ల పుస్తకం చూస్తే కాపీ!"

పాసయ్యాను. అత్త గుళ్లన్న పుస్తకాలు మాత్రమే పెట్టెలోంచి బయటికొచ్చాయి.

ఇప్పుడు మా తమ్ముడి కూతురు ఆ పరీక్షకు చదువుతోంది. "పెదనాన్నా, నీ నోట్సు ఇయ్యవా?" అంది. 2021 నుంచి గైడ్లూ నోట్సులూ కుదరవు, వ్యాఖ్యలేవీ లేని బేర్ యాక్టులకే అనుమతి. పాసు మార్కులు 45కి పెరిగాయి, నా 42 లెక్క చచ్చింది. ఈ పరీక్ష పెట్టే అధికారమే బార్ కౌన్సిల్‌కు లేదన్న వాదన కూడా 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందు నిలబడలేదు. ఆపైన 2024 జులై 1న 511 సెక్షన్ల శిక్షాస్మృతి పోయి, 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్య సెక్షను 302 కాస్తా 103 అయింది. 420 ఏమో 318(4) అయి కూర్చుంది. ఎవణ్ణయినా "ఒరే త్రీ ఎయిటీన్ బ్రాకెట్లో ఫోరూ" అని తిట్టి చూడండి, కోపం రావడం అటుంచి, వాడు ఫోన్ నంబరనుకుని రాసుకుంటాడు.

అలాగని అట్టపెట్టె పారేయలేదు. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. మన కోర్టుల్లో వాయిదాలు నడిచే తీరు చూస్తే, నా నోట్సుకు ఇంకో ఇరవై ఏళ్లు ఢోకా లేదు.