జనరేటరు జిజ్ఞాసువు

కొల్లేటికి దిగు వలసపక్షులకును, మా తిరునాళ్ళ బజ్జీల వర్తకునకును గల సామ్యమేమనగా, అదను నెఱింగి వచ్చుటయు, మేత ముగియగనే లేచిపోవుటయు. తాడేపల్లిగూడెపు మార్కెట్టులో ఉల్లిపాయల బస్తాలు వ్యానున కెత్తించుకొని, ఫాల్గుణమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళకును, వైశాఖమున ద్వారకాతిరుమల కల్యాణమునకును, ఏడేండ్లకొకమాఱు ఏలూరు గంగానమ్మ జాతరకును తరలు నీతనికి, పక్షికి లేని చింత యొకటి కలదు: దీపము. అందులకై పదేండ్లుగా జనరేటరు కొనబోవుచున్నాడు. కొనుట లేదు, కొనబోవుచున్నాడు.

ఏలూరి దుకాణమున యంత్రమును పెండ్లిచూపులకు వచ్చిన వియ్యపురాలివలె నఖశిఖపర్యంతము పరికించి, త్రాడొకమాఱు లాగి, ఆ రొదను సంగీతకచేరీ విన్నట్లు తలయూచి విని, "ఆయ్, కేవీయే యెంతండీ?" యనును. "రెండున్నరండీ" యని కొట్టువాడనగా, పవరు ఫాక్టరు 0.8 గావున చేతికి వచ్చునది 2,000 వాట్లే యనియు, 50 సైకిళ్ళకై నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు నింజను త్వరగా అఱుగుననియు, మోటారు మొదలగునపుడు మామూలుకన్న ఎన్నో రెట్లు కరెంటు లాగుననియు, అమ్మువానికే పాఠము చెప్పును. పెట్రోలుతో మొదలై కిరసనాయిలుతో నడచుదానికి వాసన దోషము. డీజిలుదానికి బరువు దోషము. లోడునుబట్టి వేగము తగ్గించుకొని అంతగా సద్దుచేయక నడచు ఇన్వర్టరు రకమునకు, ఏ దోషమును దొరకకపోవుటచే, ధర దోషము.

ఒకనాడు సాహసించి, "దీపము లెన్నయ్యా?" యంటిని.

"నాలుగండీ మేష్టారూ. ఒక్కోటి తొమ్మిది వాట్లు. ఓ బల్లఫ్యాను, యాభై."

"మొత్తము 86 వాట్లేగదా!"

అతడు నన్ను జాలితో చూచి, "రేపు గ్రైండరు పెడితేనండీ? ఎల్లుండి ఫ్రిజ్జు కొంటేనండీ?" అనెను. అతడు బేరమాడునది నేటి దుకాణమునకు గాదు, ఎల్లుండి సామ్రాజ్యమునకు.

కొన్నపిదప, దొంగలభయమున జనరేటరును రాత్రులు వ్యానులోనే యుంచి, ఫ్యానువేసికొని నిద్రించు నాలోచనయు కలదు. "అది లోపలుంటే నేను బయట" అని భార్య యనెనట. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు. మూసిన చోట నిద్రించువానిని నిద్రలోనే చంపును. ఇన్నేండ్ల పరిశోధనలో ఆ యింట వెలువడిన ఉపయుక్తవాక్య మదియొక్కటే.

మొన్న ఫాల్గుణమున కొల్లేటికోటలో చూచితిని. ప్రక్క గాజులకొట్టువాని చిన్న జనరేటరునుండి తీగ లాగుకొని, బల్బునకింత యని అద్దె చెల్లించుచు, ఆ యంత్రపు లోపములను దాని యజమానికే వివరించుచు, నాలుగు దీపముల వెలుగున బజ్జీలు వేయుచుండెను. బజ్జీలు బాగుగనే యుండెను.