చవుక ప్యాడు సూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము: మూత విప్పి, బిళ్ల క్రింద స్పంజి నుంచి, తీగలకు టంకము పెట్టినచో చవుక డ్రమ్ ప్యాడు స్టూడియో ధ్వని నిచ్చును.

అవతారిక: ఎలక్ట్రానిక్ వాద్యములను విప్పి సవరించు విద్యయందు సిద్ధిపొందినవారు శిష్యకోటికి ఏకవాక్యోపదేశము గావించి అంతర్ధానమగుట నేటి యాచారము. ఆ వాక్యమును నమ్మి మూత విప్పినవాని దుఃఖమే యీ వ్యాఖ్యకు హేతువు.

టీక: మూత, సుగమము. స్పంజి, సుగమము. టంకము, మిక్కిలి సుగమము. ఏది దుర్ఘటమో దానినే సుగమమని దాటిపోవుట వ్యాఖ్యాతల కులధర్మము గదా! బిళ్ల యనగా పీజో బిళ్ల, ఇత్తడిరేకుపై పింగాణిపొర. ఒత్తిడికి విద్యుత్తు నిచ్చు నిట్టి ధర్మమును 1880లో క్యూరీ సోదరులు స్ఫటికములందు కనుగొనిరి.

విశేషము: మూలమున లేనిది వ్రాయనని వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసెను. మేమట్టి ప్రతిజ్ఞ చేయలేదు గనుక మృదంగమును గూర్చి చెప్పెదము. గుండ్రని చర్మమును బిగించి కొట్టినంత మాత్రమున దాని అనుస్వరములు మూలస్వరముతో పొందిక లేక చెదరిపోవుటచే శబ్దము పుట్టునే గాని శ్రుతి నిలువదు. అట్టి చర్మమునకు కుడిమూతి నడుమ పొరపొరగా రుద్ది యెక్కించిన నల్లని పూత బరువై, ఆ అనుస్వరములను ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదను వరుసకు తెచ్చుచున్నదని, విశాఖపట్టణమున బాల్యవిద్య గడపిన చంద్రశేఖర వేంకట రామన్, శివకాళీకుమార్‌తో గూడి 1920లో నేచర్ పత్రికయందు వెల్లడించెను. ఎడమమూతికి కచేరీకి ముందు రవ్వముద్ద నంటింతురు, ముగిసినపిదప గీకివేయుదురు. ముద్ద రవంత హెచ్చిన ఆ మూతి నాదమునకు గాంభీర్యము పోయి మొద్దుదనము వచ్చును. ఎంత యనునది వాయించువాని వ్రేలికి, చెవికి తెలియును. మ్రోగెడి వస్తువునే సవరించినారు మృదంగమువారు.

ఏమి చెప్పుచుంటిమి? ప్యాడు. ఇందు మ్రోగునది రబ్బరు కాదు. దెబ్బతిన్న బిళ్ల విడిచిన విద్యుత్తును చిప్పు గ్రహించి, యెన్నడో రికార్డుచేసి దాచిన ధ్వనిని వినిపించును. స్పంజి యెంత మార్చినను ఆ దాచినది మారదు. ఒక ప్యాడును కొట్టగా పెట్టె యదిరి ప్రక్క ప్యాడు పలుకుట కొంత తగ్గును, మెల్లని దెబ్బకును గట్టి దెబ్బకును భేదము తేటపడును. స్పంజి చేయు ఉపకార మంతియే. దెబ్బ బలమును కొలుచు ఏర్పాటే లేని ప్యాడులు కొన్ని గలవు; వాటికి స్పంజి పెట్టుట చెవిటివాని ముందు శంఖమూదుట. ఇక టంకము! వేడి హెచ్చినచో పింగాణిమీది వెండిపూత లేచిపోవును. అతుకు నిలిచినను, మూత మూయునప్పుడు సన్నని తీగ ఊడును. ఈ రెండు ముక్కలు చెప్పుటకు ఆ మహానుభావునకు నోరు రాలేదా?

తాత్పర్యము: ధ్వని కోరువాడు పెట్టెలోని చిన్న స్పీకరును విడిచి, హెడ్‌ఫోను రంధ్రమునుండి మంచి యాంప్లిఫయరునకు తీగ లాగవలెను, మిడి సౌకర్య మున్నచో కంప్యూటరులోని మేలైన డ్రమ్ముల రికార్డులను ప్యాడుతో పలికించుకొనవలెను. ఈ మాట మూలమున లేదు. స్టూడియో యను పదమునకు టీక వ్రాయలేదు. మూలకర్త అందు కాలుపెట్టినట్లు ఆధారము దొరకలేదు.