పెదనాయన గణవిభాగము

గంగవరములో మా పెదనాయన యింటి ముందుగా నడచిపోవు ప్రతి మనుష్యుడును, తా నెఱుగకయే, మూడు గణములలో నొకదానికిని మూడు ప్రకృతులలో నొకదానికిని చెందినవాడై పోవుచుండును. బడిపిల్లలకు నలువది యేండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న యీ పండితులు, పూర్వము ప్రతాపరుద్రీయములోని నాయకభేదములను ఊరివారికి పంచిపెట్టి, పంచాయతీ పెద్దను ధీరోద్ధతునిగను, బస్సుస్టాండులో దువ్వెనతో నిలుచు యువకుని ధీరలలితునిగను నిర్ణయించి, ధీరోదాత్తపదవిని మాత్రము ఎవ్వరికిని ఈయక తమవద్దనే యుంచుకొనిరి.

నక్షత్రములు 27, దేవ, మనుష్య, రాక్షసగణములకు తలకొక తొమ్మిది. సామాన్యజ్యోతిష్కుడు నక్షత్ర మడిగి గణము చెప్పును. మా పెదనాయన గణమును చూచి నక్షత్రము చెప్పుదురు. ఇందులకు ఆయన పరీక్షాస్థలము పాలకేంద్రము. పాలు పోసి, చీటీవైపు కన్నెత్తియైన చూడక వెడలువాడు దేవగణము. ఫ్యాటెంత వచ్చెనో వంగి చూచువాడు మనుష్యగణము. మఱల పరీక్షింపుమని పట్టుబట్టి, క్యాను తలక్రిందులు చేసి అడుగున దెబ్బవేసి కడపటి చుక్కను రాల్చువాడు రాక్షసగణము. "ఆ దెబ్బ వింటివా? విశాఖ గాకుంటే జ్యేష్ఠ. సందేహమే లేదు" అని నా చెవిలో చెప్పుదురు. అటుపిమ్మట తమ వంతు రాగా తమ క్యానును బోర్లించి మూడు దెబ్బలు వేయుదురు. అదేమని యడిగితిని. "మాది స్వాతిరా. ఇది పొదుపు" అనిరి.

వాత పిత్త కఫములను గుర్తించుటకు పాలతో పనిలేదు, సంగటి చాలును. ముద్ద నడుమ గుంట చేసి, పులుసు చల్లారువఱకు ఊరక కూర్చుండువాడు కఫము. వేలు కాల్చుకొని వడ్డించినవారిని తిట్టువాడు పిత్తము. ఊరిబిండి యొకవైపు, మాట యొకవైపు నడపుచు ముద్దను సగములో విడిచి లేచువాడు వాతము. నా పెండ్లిచూపులనాడు పిల్లవారి యింట, వారందఱు వినుచుండగా, "మావాడిది వాతం. ఒక ఉద్యోగంలో నిలబడడు, అదొక్కటే లోపం" అని సెలవిచ్చినవారు వీరే. అంతటితో నాగక జాతకములు తెప్పించి కూటములు లెక్కించిరి. 36 గుణములకు కనీసము 18 రావలెను, 17 వచ్చినవి. అందఱి ముఖములును వాడిన సమయమున లోపలినుండి నేతితో ఓళిగలు వచ్చెను. రెండవది ముగియులోపల, గ్రహమైత్రిలో తామొక గుణము తక్కువగా వేసితిమని ఆయనకు స్ఫురించెను. ఈ కథను నా భార్య నేటికిని మఱువలేదు; నేనును మఱువలేదు.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, మనుష్యునికి పేరొకటి తగిలించినంతనే వానిని చూచుట మానివేయుదుమని లోకమంతట చెప్పుచు తిరిగెను గదా యని, పెదనాయనను కొంత నిగ్రహించు నుద్దేశముతో నొకనాడు ప్రస్తావించితిని. "తన్ను గురువుగా నిలబెట్టిన నక్షత్రసంఘాన్ని 1929లో ఆయనే రద్దుచేసినాడు, కాదనను. సంఘం పోయినా జన్మనక్షత్రం పోతుందా?" అనిరి. నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

ఇంతటి శాస్త్రజ్ఞునికిని లొంగని వ్యక్తి యింటనే కలదు. మా పెద్దమ్మ ఆయనకు మేనమామ కూతురు. మేనరికమునకు జాతకమెందులకని పెద్దలు ముడివేసిరి. ఆమె పుట్టిన దినము ఎవ్వరును వ్రాసియుంచలేదు. అతిథి వచ్చినవేళ ఆమెను దేవగణమనియు, పింఛను వచ్చిననాడు లెక్క యడిగినవేళ రాక్షసగణమనియు ఆయన భావించుచుందురు. నిర్ణయము నేటికిని వాయిదాలోనే యున్నది.

గత సంక్రాంతికి బెంగుళూరునుండి వచ్చిన మనుమడు, తమ కంపెనీలో ఉద్యోగుల స్వభావములకు పరీక్షపెట్టి నాలుగేసి అక్షరములు ఇచ్చిరనియు, తనకును మేనేజరుకును అక్షరములు కుదరలేదనియు చెప్పగా, పెదనాయన మొగము విప్పారెను. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్ అను నామె, కూతురు ఇసబెల్ పెండ్లియాడబోవు మయర్స్ అను యువకుని చూచి, ఇతడు మా యింటివారివలె ఆలోచింపడేమి యని ఆశ్చర్యపడి స్వభావభేదముల విచారణలో మునిగెననియు, స్విట్జర్లాండు వైద్యుడు యూంగ్ 1921లో అంతర్ముఖులు, బహిర్ముఖులు అని విభజించి వ్రాసిన గ్రంథము 1923లో ఇంగ్లీషున రాగా, దాని నాధారముగా గొని తల్లీకూతుండ్రు 16 రకము లేర్పఱచిరనియు పిల్లవాడు వివరించెను. "మనవి 36, వాళ్ళవి 16. తక్కినవి ఓడలో పోతా పోతా సముద్రంలో పడిపోయుంటాయి" అని పెదనాయన సానుభూతి ప్రకటించి, ఇన్నాళ్ళకు సాధనము చిక్కెనని పెద్దమ్మను పిలిపించిరి.

మనుమడు ఫోను చూచి అడుగ మొదలిడెను: "అవ్వా, నీకు పదిమందిలో ఉండేది ఇష్టమా, ఒంటిగా ఉండేదా?"

"ఒంటిగా ఉండనిచ్చినోళ్ళు యెవరురా?"

"ఏదైనా ముందే అనుకొని చేస్తావా, అప్పటికప్పుడా?"

"మీ తాత ఎంతమందిని పిలుచుకొనొస్తాడో ముందే తెలిస్తే గదా, అనుకునేదానికి."

ప్రతి ప్రశ్నకును ఇట్టి సమాధానమే. అట్టి సమాధానమును నమోదుచేయు వీలు ఫోనున లేకపోవుటచే పరీక్ష నిలిచిపోయెను. పెద్దమ్మ లేచి పోబోవుచు వెనుకకు తిరిగి, "అది సరేరా, అల్లుడు కాబోయేవాడు ఇంటికొస్తే ఆయమ్మ పొయ్యి సంగతి చూడకుండా పుస్తకాలు తిరగేస్తా కూసుండిందా? ఆ పిల్లోడు ఏం తిన్నాడో అది చెప్పు ముందు" అని నిలదీసెను. మనుమడు ఫోనులో వెదకసాగెను. పెదనాయన మాత్రము, ప్రశ్న తీరునుబట్టి ఆమె నక్షత్రము మఖ కావచ్చునని నాకు రహస్యముగా తెలిపిరి.